సౌండ్ బాక్స్ పలకని రోజు

మొన్న సంక్రాంతికి, భోగికి రెండు రోజుల ముందు, హైదరాబాద్ బస్సు దిగి ఇంటికి చేరేసరికి నాన్న అప్పటికే కొట్టు తెరిచేశారు. మాది అంబాజీపేట దగ్గర ఓ పల్లెటూరు. ఇంటి ముందు గదే కిరాణా కొట్టు. పండగ ముందు మా కొట్లో నిలబడ్డానికి చోటుండదు. బెల్లం, నువ్వులు, సెనగపప్పు, నెయ్యి... అడిగేవాళ్ల గొంతులతో హోరెత్తిపోతుంటుంది.

ఆ రోజూ జనం ఉన్నారు. కానీ నాన్న ముఖంలో మాత్రం పండగ లేదు.

"ఏమైంది నాన్నా?" అంటే, "ఏం లేదమ్మా, బస్సులో నిద్ర పట్టిందా?" అని మాట మార్చేశారు. చివరికి అమ్మే వంటింట్లో చెప్పింది. "నెల రోజుల్నుంచీ ఇంతే. ఆ ఫోన్ డబ్బుల గొడవ. నీకు చెప్పొద్దన్నారు. ఆఫీసు పనుల్లో ఉంటావుగా, నిన్నెందుకు ఇబ్బంది పెట్టడం అని."

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఎందుకంటే నా ఉద్యోగమే ఆ ఫోన్ డబ్బుల గొడవ. చిన్న దుకాణాల వాళ్లు వాడే ఒక పేమెంట్ యాప్ కంపెనీలో నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని.

ఎటూ రాని 1,840 రూపాయలు

జరిగింది ఇదీ. డిసెంబరు మధ్యలో ఒక సాయంత్రం, మా ఊళ్లో కొబ్బరి దింపు తీసే బాబాయ్ ఒకాయన సరుకులకి వచ్చాడు. బిల్లు 1,840 రూపాయలైంది. ఫోన్ తీసి స్కాన్ చేశాడు. తన ఖాతాలో డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. మా కొట్లో సౌండ్ బాక్స్ మాత్రం పలకలేదు. ఐదు నిమిషాలు చూశారు. పది నిమిషాలు చూశారు. పలకలేదు.

బాబాయ్ దగ్గర మళ్లీ కట్టడానికి డబ్బు లేదు. ఆ వారం కూలంతా అందులోనే ఉంది. సంచీ అక్కడే వదిలేసి వెళ్లబోతుంటే నాన్న ఆపి, "సరుకులు తీసుకెళ్లు. డబ్బులెక్కడికీ పోవు. వస్తే నాకొస్తాయి, లేదంటే నీకే తిరిగొస్తాయి. ఎటొచ్చినా మనూళ్లోనే ఉంటాయిగా" అన్నారట.

అవి ఎటూ రాలేదు.

నాన్న కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశారు. తెలుగు కోసం ఒక అంకె, దుకాణదారు అయితే ఇంకో అంకె, పేమెంట్ సమస్య అయితే మరో అంకె నొక్కారు. పాట విన్నారు. పాట మధ్యలో "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అన్న మాట విన్నారు. లైన్ కట్టయింది. అలా ఆరుసార్లు చేస్తే ఇద్దరు మనుషులు దొరికారు. ఒకరు 24 గంటలన్నారు. ఇంకొకరు ఏడు పనిదినాలన్నారు. పదో రోజున మెసేజ్ వచ్చింది, ఫిర్యాదు ముగిసిందని.

ఈలోగా ఊళ్లో మాటలు మొదలయ్యాయి. "డబ్బులు తిరిగొచ్చే ఉంటాయి, పైకి చెప్పట్లేదు" అని బాబాయ్ గురించి కొందరు. "షావుకారుగారికి పడే ఉంటాయి, చూసుకోలేదేమో" అని నాన్న గురించి కొందరు. బాబాయ్ ప్రతి ఆదివారం కొట్టు దాకా వచ్చి, మెట్టెక్కకుండా రోడ్డు మీంచే "కబురేమైనా వచ్చిందాండీ?" అని అడిగి వెళ్లిపోయేవాడు. సరుకులు మాత్రం పక్క ఊళ్లో కొనుక్కుంటున్నాడని తెలిసింది. బాకీ ఉన్నవాడిలా మా గడప తొక్కడం ఆయనకి ఇష్టం లేదు. నాన్నేమో, ఆయన తనని అనుమానిస్తున్నాడని కుమిలిపోతున్నారు.

"డబ్బులు పోతే పోయాయమ్మా. ముప్పై ఏళ్ల నుంచీ కొట్టు నడుపుతున్నాను. నా మాట మీద ఎవరికీ అనుమానం రాలేదు" అన్నారు నాన్న ఆ రాత్రి.

ఆ వాక్యం నాకు తెలుసు

ఫోన్ తీసుకుని ఆ మెసేజ్ చూశాను. "మా వైపు నుంచి అంతా సరిగ్గానే ఉంది. దయచేసి మీ బ్యాంకును సంప్రదించండి. మీ సమస్య పరిష్కరించబడినందున ఈ ఫిర్యాదు ముగించబడినది."

అది మా కంపెనీ మెసేజ్ కాదు. నాన్న వాడేది వేరే కంపెనీ వాళ్ల బాక్స్. కానీ ఆ వాక్యం నాకు బాగా తెలుసు. ఇంచుమించు అదే వాక్యాన్ని నేను రోజుకి ఇరవైసార్లు పంపేదాన్ని.

మా ఆఫీసులో నెలకి ఒక వారం ఇంజినీర్లం కూడా కస్టమర్ ఫిర్యాదులు చూడాలి. ఆ వారం వస్తోందంటే నాకు చిరాకు. బీటెక్ చదివింది కోడ్ రాయడానికి గానీ ఫిర్యాదులు వినడానికా అనుకునేదాన్ని. టికెట్ తెరవడం, లాగ్‌లో 'సక్సెస్' అని ఉందా చూడటం, ఉంటే ఆ వాక్యం కాపీ, పేస్ట్, క్లోజ్. సగటున నాలుగు నిమిషాలు. టీమ్‌లో అందరికంటే తక్కువ టైమ్ నాదేనని మేనేజర్ మెచ్చుకుంటూ మెయిల్ పెట్టారు. ఆ మెయిల్ స్క్రీన్‌షాట్ మురిసిపోతూ నాన్నకి వాట్సాప్ చేశాను కూడా. ఆయన రెండు దండాల బొమ్మలు పెట్టారు.

ఇప్పుడు ఆ స్క్రీన్‌షాటూ, ఈ మెసేజూ ఒకే ఫోన్లో ఉన్నాయి. నాన్నకి ఆ రెండింటికీ సంబంధం తెలీదు. నాకు తెలుసు. ఆ రాత్రి చెప్పలేకపోయాను.

కొట్లో నాలుగు రోజులు

పండగ నాలుగు రోజులూ నాన్న పక్కన కొట్లో కూర్చున్నాను. చిన్నప్పుడూ కూర్చునేదాన్ని, కానీ అప్పుడు నా కళ్లు బిస్కెట్ డబ్బాల మీదుండేవి. ఈసారి నాన్న మాటల మీద పెట్టాను.

ఒకావిడ వచ్చి కిలో బెల్లం అడిగింది. నాన్న వెంటనే తూచలేదు. "అరిసెలకాండీ, పొంగలికా?" అన్నారు. అరిసెలకైతే పాకానికి పనికొచ్చే బెల్లం వేరే ఉంది. ఆ ఒక్క ప్రశ్న అడక్కపోతే ఆవిడ ఇంట్లో పాకం చెడుతుంది, మర్నాడు మన కొట్టు పేరు చెడుతుంది. కొత్తపేట దాటి ఆత్రేయపురం వెళ్తే పూతరేకుల వాళ్లూ ఇంతే. 2023లో జీఐ గుర్తింపు వచ్చిన పూతరేకులవి, పేరు వాటంతటదే అమ్ముతుంది. అయినా మాకు అలవాటైన కొట్టావిడ డబ్బా కట్టే ముందు "ఎక్కడి దాకా తీసుకెళ్తారండీ? ఎన్నాళ్లుంచుతారు?" అని అడుగుతుంది. సరుకు చేతులు మారాక ఏమవుతుందో కూడా తన బాధ్యతే అనుకునేవాళ్లు అడిగే ప్రశ్న అది.

ఇంకొకావిడకి ఇంగువ కావాలి. మా దగ్గర అయిపోయింది. "సెంటర్లో కొట్లో ఉందమ్మా, నిన్ననే తెచ్చారు" అన్నారు నాన్న. ఆవిడ వెళ్లాక "అదేంటి నాన్నా, బేరం వాళ్లకి పంపేశారు?" అన్నాను. "ఆవిడకి కావాల్సింది ఇంగువ. మన కొట్టు కాదుగా" అన్నారు.

వీధి చివరి మామ్మగారు సంక్రాంతి నాడు పొద్దున్నే రవ్వ పొట్లం పట్టుకొచ్చింది. పురుగుందంది. నాన్న ఎప్పుడు కొన్నారని అడగలేదు, ఇంట్లో డబ్బా శుభ్రంగా ఉందా అని అడగలేదు. కొత్త ప్యాకెట్ ఇచ్చి, "పండగ పూట నడిపించాను, ఏమీ అనుకోకండి మామ్మగారూ" అన్నారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. లోపలికెళ్లి ఆ రవ్వ బస్తా బయటికి లాగి, వెలుతురులో పోసి చూశారు. బస్తా మొత్తం పక్కన పెట్టేశారు. ఖాతా పుస్తకం తిరగేసి, ఆ బస్తాలోంచి ఇంకా ఎవరెవరు తీసుకెళ్లారో చూసి, ముగ్గురిళ్లకి కుర్రాడితో కొత్త రవ్వ పంపారు. వాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదు. వాళ్లకింకా తెలీనే తెలీదు.

"పొట్లంలో పురుగుంటే బస్తా చూడాలి కదమ్మా" అన్నారు, అదేదో అందరికీ తెలిసిన విషయమన్నట్టు.

నాకు తెలీదు. నేను ఇన్నాళ్లూ పొట్లం చూసి, బానే ఉందని తిప్పి పంపేశాను.

"పది నిమిషాలు, టీ తాగి రండి"

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని, మర్నాడు అమ్మమ్మని చూడ్డానికి నరసాపురం బయల్దేరాం. మాకెప్పుడూ రాజోలు మీదుగా వెళ్లి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ట గోదావరి దాటడమే ఇష్టం. బళ్లూ, మనుషులూ అందరూ ఒకే పంటు మీద. మేం వెళ్లేసరికి పంటు అవతలి ఒడ్డున ఉంది. పండగ రద్దీ. రేవులో చీటీలిచ్చే ఆయన ఎవరూ అడక్కుండానే చెబుతున్నాడు. "పంటు అవతలుందండీ, బళ్లు దిగుతున్నాయి. ఓ పది నిమిషాలు పడద్ది. టీ తాగి రండి ఆయ్!"

పది అన్నది పదిహేనైంది. ఎవరూ విసుక్కోలేదు. ఎందుకంటే పంటు ఎక్కడుందో కళ్లకి కనిపిస్తోంది, ఎందుకు ఆలస్యమో ఆయన చెప్పాడు, ఈలోగా ఏం చేసుకోవాలో కూడా చెప్పాడు. మనుషులకి ఎదురుచూడటం కష్టం కాదు. ఎంతసేపో తెలీకుండా ఎదురుచూడటం కష్టం. మా కంపెనీలూ బ్యాంకులూ లక్షలు పోసి కట్టిన కాల్ సెంటర్లు "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని పాట పెడతాయి తప్ప, పంటు ఏ ఒడ్డున ఉందో చెప్పవు.

తట్టాల్సిన తలుపు వేరు

పండగ సెలవులు అయిపోయిన మర్నాడు బాబాయ్‌ని బండెక్కించుకుని అమలాపురంలో ఆయన ఖాతా ఉన్న బ్యాంకుకి వెళ్లాను. నాన్న నెల రోజులు తట్టిన తలుపు అసలు తలుపు కాదు. ఇలాంటప్పుడు డబ్బు ఎవరి ఖాతాలోంచి కట్ అయిందో వాళ్లు, వాళ్ల బ్యాంకులోనో, తాము వాడిన యాప్‌లోనో ఫిర్యాదు పెట్టాలి. "ఇది మా దగ్గర తేలదండీ, కట్టినాయన బ్యాంకులో అడగమనండి" అని మొదటి రోజే ఒక్కరు చెప్పుంటే సరిపోయేది. "మీ బ్యాంకును సంప్రదించండి" అన్నారు గానీ, ఆ 'మీ' నాన్న కాదని ఎవరూ చెప్పలేదు.

కౌంటర్లో ఉన్నమ్మాయి నా వయసుదే ఉంటుంది. బాబాయ్ ఫోన్లో ఉన్న 12 అంకెల యూటీఆర్ నంబరు రాసుకుంది. ఫిర్యాదు నంబరు ఇచ్చింది. ఒక చీటీ మీద కౌంటర్ నంబరు, తేదీ వేసి, "శుక్రవారంలోపు నేనే ఫోన్ చేస్తానండీ" అంది. నాకు నమ్మకం కలగలేదు.

గురువారం సాయంత్రం ఫోన్ చేసింది. "ఇంకా రాలేదండీ. అవతలి బ్యాంకు నుంచి జవాబు రావాలి. వచ్చే మంగళవారం మళ్లీ చెప్తాను" అంది. అంతే. కానీ బాబాయ్ మొహం వెలిగిపోయిందట. డబ్బు రాలేదని చెప్పడానికి ఫోన్ చేసిన మొదటి మనిషి ఆవిడే మరి. మంగళవారం నాటికి 1,840 రూపాయలూ బాబాయ్ ఖాతాలో పడ్డాయి.

మూసిన టికెట్లు తెరిచాను

హైదరాబాద్ వచ్చాక మొదటి పని, నేను మూసేసిన టికెట్లు వెనక్కి తిరగేయడం. ఒకే దుకాణం నుంచి నాలుగు టికెట్లు కనిపించాయి. నాలుగూ నేనే మూశాను. నంబరు వెతికి ఫోన్ చేశాను.

"మీరు మనిషేనా అమ్మా, రికార్డింగా?" ఆయన మొదటి ప్రశ్న ఇదే.

మనిషినేనని చెప్పాను. క్షమించమన్నాను. ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పమన్నాను. పావుగంట చెప్పారు. మధ్యలో ఒక్కసారీ అరవలేదు. చివర్లో అన్నారు: "నాలుగుసార్లు అడిగాను తల్లీ. ఐదోసారి అడగడానికి సిగ్గేసింది."

తప్పు మాదే. ఆ రోజు వసూళ్లని దుకాణదారు బ్యాంకు ఖాతాకి పంపేటప్పుడు, బ్యాంకుకి మెసేజ్ వెళ్లగానే మా సిస్టమ్ 'సక్సెస్' అని రాసేసుకుంటోంది. బ్యాంకు నుంచి జవాబు వచ్చాక రాయాలి. ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి, చేరిపోయిందని రాసుకున్నట్టన్నమాట. జవాబు మధ్యలో తెగిపోతే మా లాగ్‌లో సక్సెస్, ఆయన ఖాతాలో సున్నా. నేను నాలుగుసార్లు చూసిందీ ఆ సక్సెస్‌నే.

పొట్లం దొరికింది కాబట్టి బస్తా లాగాను. ఇదే తప్పు జరిగిన దుకాణాలు ఇంకో పదిహేడు బయటపడ్డాయి. అందులో పదకొండు మంది అసలు ఫిర్యాదే చేయలేదు. కొందరు చూసుకోలేదు. కొందరు చూసుకుని, ఎవరికి చెప్పాలో తెలీక వదిలేశారు. అందరి డబ్బూ సర్దేశాం.

నాతో మాట్లాడినాయనకీ డబ్బు వెళ్లింది. కానీ ఆయన మా యాప్ ఎప్పుడో తీసేశారు. మళ్లీ పెట్టుకోలేదు. పెట్టుకోమని అడిగే మొహం నాకూ లేదు.

ఇప్పుడు నేను చూసే టికెట్లలో రెండు మారాయి. "తీరిందాండీ?" అని అడిగి, అవతలి మనిషి అవునన్నాకే మూస్తున్నాను. తీరకపోతే, మళ్లీ ఏ రోజు చెబుతానో రాస్తున్నాను, ఆ రోజు చెప్పడానికి ఏమీ లేకపోయినా చెబుతున్నాను. నా సగటు నాలుగు నిమిషాల నుంచి ఇరవై దాటింది. మేనేజర్ పిలిచి అడిగారు. పదిహేడు దుకాణాల లిస్టు చూపించి, రవ్వ బస్తా సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "సరే, ఈ క్వార్టర్ చూద్దాం" అన్నారు. మెచ్చుకోలు మెయిల్ రాలేదు. పర్లేదు.

మీకూ ఇలా జరిగితే

ఇది చదువుతున్న మీ ఫోన్లోనూ యూపీఐ ఉంటుంది. నాన్నకి నేను ముందే చెప్పి ఉండాల్సినవి ఇవి.

కొట్లో స్కాన్ చేస్తే డబ్బు కట్ అయి, దుకాణదారుకి చేరినట్టు సమాచారం రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా ఆ డబ్బు మీ ఖాతాకి దానంతటదే తిరిగి రావాలి. వ్యక్తి నుంచి వ్యక్తికి పంపినప్పుడైతే మర్నాటికే రావాలి. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం. 2019 సెప్టెంబరు 20న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన సర్క్యులర్ ఇది.

యూటీఆర్ నంబరు దాచుకోండి. ఫిర్యాదు నంబరు లేకుండా ఫోన్ పెట్టేయకండి. బ్యాంకుకి ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా రాయొచ్చు. సందేహాలకి 14448. వస్తువులు, ఇతర సేవల మీద ఫిర్యాదులకైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ముఖ్యంగా, ఐదోసారి అడగడానికి సిగ్గుపడకండి. సిగ్గుపడాల్సింది అవతలి కుర్చీలో కూర్చున్న మాలాంటివాళ్లం.

కొసరు

డబ్బు పడిన సాయంత్రమే బాబాయ్ 1,840 రూపాయలూ నోట్లుగా తీసుకుని కొట్టుకొచ్చాడట. ఈసారి మెట్టెక్కి లోపలికొచ్చాడు. ఆలస్యానికి పరిహారం కూడా అడగొచ్చని నేను బ్యాంకుకి అర్జీ రాయించి వచ్చాను కదా, దాని గురించి ఇద్దరికీ వాదన.

"అవొస్తే మీవేనండీ. సరుకులిచ్చి నెల్లాళ్లు ఆగింది మీరు."

"నీ ఖాతాలోంచి పోయాయి, నీకే చెందుతాయి."

ఆ అర్జీ ఇంకా తేలలేదు. ఆ వాదనా తేలలేదు.

ఆ రోజు బాబాయ్ సంచీ నిండా సరుకులు కట్టించుకున్నాడు. నాన్న ఎప్పట్లాగే చివర్లో ఓ బెల్లం ముక్క కొసరు వేశారు. మర్నాడు తెల్లారి అమ్మ ముగ్గు వేద్దామని తలుపు తీస్తే అరుగు మీద కొబ్బరి బొండాల గెల ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. నాన్న ఫొటో తీసి నాకు పంపారు. కింద ఒకే మాట రాశారు.

"తీరింది."